పిలుపు ఎవరిదన్నదే లెక్క

క్యూరేటర్ అన్న మాట తెలుగువాళ్లలో చాలామందికి క్రికెట్ వల్లే పరిచయం. ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే రెండు రోజుల ముందు నుంచే ఆయన గురించి పేపర్లో వస్తుంది. గడ్డి ఎంత ఉంచాడు, నీళ్లు ఎన్నిసార్లు పట్టాడు, బంతి ఎప్పటి నుంచి తిరుగుతుంది. ఆట మొదలయ్యాక ఆయన ఊసు ఎవరూ ఎత్తరు, మనవాళ్లు ఓడితే తప్ప. సంగీతోత్సవాలకు ఇదే మాట వాడినప్పుడు అర్థం కొంత పక్కకు జరుగుతుంది. అక్కడ పిచ్ తయారుచేసినవాడే బ్యాట్ కూడా పట్టుకుంటాడు. ఎవరెవరు ఆడాలో కూడా తనే చెబుతాడు.

ఈ పద్ధతిలో ఎక్కువ కాలం నిలిచిన ఉత్సవాల్లో లండన్‌లోని మెల్ట్‌డౌన్ ఒకటి. లండన్ చూసొచ్చిన వాళ్లకు లండన్ ఐ అనే ఆ పెద్ద రంగులరాట్నం తెలిసే ఉంటుంది. దానికి నాలుగడుగుల దూరంలో, థేమ్స్ నది దక్షిణపు గట్టున సౌత్‌బ్యాంక్ సెంటర్ ఉంది. 1993 నుంచి అక్కడ దాదాపు ఏటా వేసవిలో, ఎక్కువగా జూన్‌లో, ఒక సంగీతకారుడినో సంగీతకారిణినో పిలిచి, సుమారు పది రోజుల పాటు హాళ్లన్నీ చేతిలో పెట్టి, ఎవరు పాడాలో మీరే చెప్పండి అంటారు. మరుసటి ఏడాదికి ఇంకొకరు. పేరు అదే, చోటు అదే. ఉత్సవం స్వభావం మాత్రం ఏటా మారిపోతుంది.

దీన్ని పత్రికలు సాధారణంగా అభిరుచి లెక్కన వివరిస్తాయి: గొప్ప సంగీతకారుడికి గొప్ప అభిరుచి ఉంటుంది, ఆ అభిరుచిని మనకు పది రోజులు అద్దెకిస్తాడు అని. వినడానికి బాగుంటుంది కానీ అసలు సంగతి అది కాదు. మంచి అభిరుచి ఉన్నవాళ్లు హాలు ఆఫీసులోనూ ఉంటారు, రేడియోలోనూ ఉంటారు, రికార్డుల షాపు కౌంటర్ వెనకా ఉంటారు. సంగీతకారుడి దగ్గర మాత్రమే ఉండేది వేరు: ఆ పిలుపు. పెళ్లికి శుభలేఖ పోస్టులో రావడానికీ, ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవడానికీ ఎంత తేడా ఉందో తెలుగిళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెల్ట్‌డౌన్ ముప్పై ఏళ్ల చరిత్రలో గుర్తుండిపోయిన రాత్రులు చూస్తే, వాటిలో చాలా వరకు ఆ రెండో రకం పిలుపు వల్ల జరిగినవే.

2004 సంగతి చూద్దాం. ఆ ఏడాది క్యూరేటర్ ద స్మిత్స్ అనే రాక్ బృందంలో పాడిన మోరిసీ. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన న్యూయార్క్ డాల్స్ అనే అమెరికన్ బృందానికి వీరాభిమాని; వాళ్ల అభిమాన సంఘం నడిపాడు కూడా. 1970ల మొదట్లో రెండే రెండు ఆల్బమ్‌లు చేసి, మత్తులోనూ గొడవల్లోనూ చెదిరిపోయిన బృందం అది. అప్పటికే కొందరు సభ్యులు చనిపోయారు. మిగిలింది ముగ్గురు. వాళ్లలో బాస్ గిటారిస్టు ఆర్థర్ కేన్ మోర్మన్ మతంలో చేరి, లాస్ ఏంజెలెస్‌లో ఆ చర్చికి చెందిన వంశవృక్షాల గ్రంథాలయంలో పనిచేసుకుంటున్నాడు. ఏ ప్రమోటరైనా ఫోన్ చేస్తే ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేవాడా అంటే అనుమానమే. అభిమాన సంఘం నడిపిన ఒకనాటి కుర్రాడు, ఇప్పుడు తానే పేరున్న గాయకుడై పిలిస్తే వచ్చారు. 2004 జూన్‌లో రాయల్ ఫెస్టివల్ హాల్లో డాల్స్ మళ్లీ వాయించారు. లుకేమియాతో ఆర్థర్ కేన్ జులై 13న కన్నుమూశాడు, వేదిక దిగి నెల తిరగకుండానే. మిగిలిన ఇద్దరూ ఆ పేరుతోనే మళ్లీ ఆల్బమ్‌లు చేశారు. ఒక్క ఉత్సవం కోసం కలిసిన బృందం అలా ఇంకొన్నేళ్లు బతికింది.

2002లో ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ చేసింది కూడా ఈ కోవలోదే, కాకపోతే కొంచెం వింతగా. టెక్సస్‌లోని లబ్బక్ నుంచి వచ్చిన లెజెండరీ స్టార్‌డస్ట్ కౌబాయ్ అనే ఒక పాటగాడు ఉన్నాడు. 1968లో ఆయన చేసిన రికార్డు వింటే, పాడుతున్నాడో అరుస్తున్నాడో తేల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. చాలామందికి ఆయన ఒక జోకు. బోవీకి మాత్రం కాదు. 1972లో తన కెరీర్‌ను మలుపు తిప్పిన జిగ్గీ స్టార్‌డస్ట్ పాత్రకు పేరులో రెండో సగం ఈయన దగ్గర తీసుకున్నదే. ముప్పై ఏళ్ల తర్వాత హీథెన్ ఆల్బమ్‌లో కౌబాయ్ పాట ఒకటి పాడాడు, అదే ఏడాది మెల్ట్‌డౌన్‌కు ఆయన్నే పిలిచి లండన్‌లో వేదిక ఎక్కించాడు. మార్కెట్ లెక్కల్లో ఈ నిర్ణయానికి అర్థం లేదు. టికెట్ల లెక్క చూసుకునే మనిషి ఎవరూ ఆ పేరు కాగితం మీద పెట్టరు. బాకీ తీర్చుకునేవాడు పెడతాడు.

ఇలాంటి బాకీలు ప్రతి సంగీతకారుడికీ ఉంటాయి. ఎవరి దగ్గర ఏ గమకం ఎత్తుకొచ్చాడో, ఏ రికార్డు విని గిటారు పట్టాడో అతనికి తెలుసు. మామూలు కచేరీ వ్యవస్థలో ఆ బాకీ తీర్చే దారి ఇంటర్వ్యూలో రెండు మంచిమాటలు చెప్పడం వరకే. సంగీతకారుడు నడిపే ఉత్సవం దానికి వేదిక, తేదీ, పారితోషికం కూడా జతచేస్తుంది. అభిరుచి కన్నా ఇది గట్టి సరుకు.

ఆస్ట్రేలియా రాక్ గాయకుడు నిక్ కేవ్ క్యూరేటర్‌గా ఉన్న 1999లో అమెరికన్ జాజ్ గాయని నీనా సిమోన్ వచ్చింది. ఆమెకు అప్పటికి అరవై ఆరేళ్లు, ఆరోగ్యం అంతంత మాత్రం. పియానో ముందు కూర్చుని నోట్లోని చూయింగ్ గమ్ తీసి పియానోకు అంటించి పాట మొదలుపెట్టింది. కచేరీ అయ్యాక కేవ్ బృందంలోని వయొలిన్ వాద్యకారుడు వారెన్ ఎల్లిస్ వేదిక ఎక్కి ఆ గమ్‌ను, ఆమె చెమట తుడుచుకున్న తువాలులోనే చుట్టి, ఇంటికి తీసుకుపోయాడు. ఇరవై ఏళ్లు దాచాడు. 2020లో కోపెన్‌హాగన్‌లో నిక్ కేవ్ మీద జరిగిన ప్రదర్శనలో దాన్ని గాజు కింద పెట్టారు. ఆ తర్వాత ఎల్లిస్ దాని గురించి ఒక పుస్తకమే రాశాడు. పిచ్చి అనిపించవచ్చు. తిరువయ్యారు నుంచి గుప్పెడు మట్టి తెచ్చుకుని పూజగదిలో పెట్టుకునే వాళ్లున్న దేశంలో అంత పిచ్చిగా అనిపించకపోనూవచ్చు. చూడాల్సింది ఏమిటంటే, ఆ రాత్రి ఉత్సవం నడుపుతున్న మనుషులు కూడా శ్రోతలే. పిలిచినవాళ్లు, వచ్చినావిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే. కచేరీ నిర్వాహకుడికీ కళాకారుడికీ మధ్య మామూలుగా ఉండే లావాదేవీ కాదది.

ఉత్సవం మొదట ఇలా లేదు. 1993లో తొలి క్యూరేటర్ జార్జ్ బెంజమిన్, ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీత స్వరకర్త. మరుసటి ఏడాది డచ్ స్వరకర్త లూయీ ఆంద్రీసెన్. అంటే కొత్త శాస్త్రీయ రచనలకు శ్రోతల్ని తెచ్చే ప్రయత్నంగానే దీన్ని తలపెట్టారు. 1995లో ఎల్విస్ కాస్టెల్లోను పిలవడంతో దారి మళ్లింది. ఆయన రాక్ పాటగాడే అయినా, అప్పటికి రెండేళ్ల కిందటే బ్రాడ్‌స్కీ క్వార్టెట్ అనే తీగవాద్య బృందంతో కలిసి ఒక ఆల్బమ్ చేసి ఉన్నాడు. రెండు వైపులా ముఖపరిచయం ఉన్న మనిషి. ఆయన పిలిచిన వాళ్లలో ఇరవై ఎనిమిదేళ్ల జెఫ్ బక్లీ ఒకడు. రాక్ వేదికల మీద తిరుగుతున్న ఈ కుర్రాడు ఆ రోజు హెన్రీ పర్సెల్ 17వ శతాబ్దంలో రాసిన డైడో విలాపగీతం పాడాడు. తన సొంత పర్యటనల్లో పాడే పాట కాదది. అక్కడి జనం అడిగేదీ కాదు. రెండేళ్లలోపే, 1997 మేలో, మెంఫిస్‌లో నదిలో మునిగి చనిపోయాడు. ఇప్పుడు ఆ పాట రికార్డింగ్ వినేవాళ్లకు ‘నన్ను గుర్తుంచుకో’ అనే చివరి మాటలు వేరే విధంగా వినిపిస్తాయి, అది వేరే సంగతి. ఒక సంగీతకారుడు ఇంకొకడి గొంతులో అతని జనం వినని గదిని ఒకటి కనిపెట్టి, తలుపు తెరిచాడు. పర్యటన ఏర్పాట్లు చూసే ఏజెంటుకు ఆ గదితో పనిలేదు.

తర్వాత 1996లో మళ్లీ స్వరకర్త మాగ్నస్ లిండ్‌బెర్గ్, 1997లో అమెరికన్ ప్రయోగాత్మక సంగీతకారిణి లారీ ఆండర్సన్, 1998లో బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్. పీల్ సంగీతకారుడు కాదు. కానీ బ్రిటన్‌లో పేరు లేని బృందాలకు ఆయన చేసిన మేలు చూస్తే ఆ ఒక్క మినహాయింపును తప్పుపట్టేవాళ్లు తక్కువే. 2000లో గాయకుడు స్కాట్ వాకర్ క్యూరేటర్. ఆయన వేదిక ఎక్కి పాడటం ఎప్పుడో మానేశాడు. తన ఉత్సవంలోనూ ఎక్కలేదు. రేడియోహెడ్ లాంటి వాళ్లు వచ్చి వాయించారు. బ్యాట్ పట్టని క్యూరేటర్ అన్నమాట, క్రికెట్ అర్థానికి దగ్గరగా వచ్చినవాడు. 2003లో జమైకాకు చెందిన రెగె సంగీతకారుడు లీ స్క్రాచ్ పెర్రీ, 2005లో అమెరికన్ రాక్ గాయని పట్టి స్మిత్.

పట్టి స్మిత్ ఏడాదిలో జరిగిన ఒక సంగతి ఆ తర్వాత లోకమంతా పాకింది. 1975లో వచ్చిన ఆమె తొలి ఆల్బమ్ హార్సెస్‌కు ముప్పై ఏళ్లు నిండిన సందర్భం అది. 2005 జూన్ 25న ఆ ఆల్బమ్ మొత్తాన్ని, మొదటి పాట నుంచి చివరి దాకా అదే వరుసలో పాడింది. గిటారు మీద టామ్ వెర్లెయిన్, బాస్ మీద రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ బృందంలోని ఫ్లీ. బోవీ కూడా 2002లో ‘లో’, ‘హీథెన్’ అనే తన ఆల్బమ్‌లు రెంటినీ పూర్తిగా వాయించాడు. ఆల్బమ్ మొత్తం వరుసగా వాయించడం అన్నది ఇప్పుడు ప్రతి పాత బృందమూ చేసే వ్యాపారం. ఆ పద్ధతి మెల్ట్‌డౌన్‌లోనే పుట్టిందనలేం గానీ, దానికి గౌరవం తెచ్చిన వేదికల్లో ఇదొకటి. గౌరవంతో పాటు ఒక జబ్బూ వచ్చింది. పాత రికార్డును అద్దాల బీరువాలోంచి తీసి తుడిచి చూపించడం తేలిక, టికెట్లకు హామీ. 2018లో ద క్యూర్ బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ తన ఉత్సవానికి నైన్ ఇంచ్ నెయిల్స్, డెఫ్‌టోన్స్, మై బ్లడీ వేలంటైన్ లాంటి రాక్ బృందాలను పిలిచినప్పుడు అందరికీ నచ్చింది, నిజమే. కానీ ఒక తరం తన యవ్వనాన్ని తనే మళ్లీ కొనుక్కోవడానికీ, ఒక సంగీతకారుడు తన బాకీ తీర్చడానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం రానురాను కష్టమవుతోంది.

ఇక ఈ వ్యవహారం లోపల ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి, ఎందుకంటే పోస్టర్ మీద ఒక్క పేరే కనబడుతుంది. సంగీతకారుడు కోరికల చిట్టా ఇస్తాడు. అందులో చనిపోయినవాళ్ల పేర్లు తీసేస్తే, మిగిలినవాళ్లలో సగం మంది ఆ వారం వేరే ఖండంలో ఉంటారు. కొందరి పారితోషికం ఆ హాలు మోయలేదు. ఇంకొందరు అప్పటికే వేరే వేసవి ఉత్సవానికి సంతకం పెట్టి ఉంటారు. ఫలానా రోజుల్లో, ఫలానా దూరంలో ఇంకెక్కడా పాడకూడదన్న షరతు ఆ ఒప్పందాల్లో సర్వసాధారణం. ఈ చిట్టాను నిజమైన తేదీలుగా మార్చేది హాలు తరఫున పనిచేసే ప్రోగ్రామింగ్ సిబ్బంది. ఏజెంట్లతో మాట్లాడటం, వీసాలు, హోటళ్లు, సౌండ్, లైట్లు అన్నీ వాళ్లవే. ఏజెంటు కాదన్నచోట క్యూరేటర్ ఫోన్ అందుకుంటాడు. అందుకే ఈ ఉత్సవాల్లో క్యూరేటర్ ఎంత పనిచేశాడన్న ప్రశ్నకు ప్రతి ఏడాదీ జవాబు వేరు. కొందరు కచేరీ కచేరీకీ ముందు వరుసలో కూర్చుంటారు. కొందరు పేరిచ్చి, ముగింపు రోజు తమ పాట పాడి వెళ్లిపోతారు. పోస్టర్ చూసి ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. పెద్ద పేర్లు కాకుండా, చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవాలి. అక్కడ ఎవరూ వినని మనిషి ఒకరైనా ఉంటే, చిట్టా రాసింది సంగీతకారుడే అయి ఉంటుంది.

జూన్ నెల కూడా ఊరికే పెట్టుకున్నది కాదు. యూరప్‌లో పెద్ద ఆరుబయలు ఉత్సవాలకు అదే కాలం. బార్సిలోనాలో ప్రిమవేరా సౌండ్, ఇంగ్లండ్‌లోనే గ్లాస్టన్‌బరీ, డెన్మార్క్‌లో రాస్కిల్డే అన్నీ మే చివరి నుంచి జులై మొదటి వారం లోపు పడతాయి. అమెరికా బృందం ఎటూ సముద్రం దాటి వచ్చి ఉంటుంది. విమానం ఖర్చు ఇంకొకరు పెట్టుకున్నాక, మధ్యలో ఖాళీగా ఉన్న రెండు రోజుల్లో లండన్‌లో ఒక హాలు కచేరీ అంటే ఎవరికైనా లాభమే. ఎండాకాలం ఉత్సవం అన్నంత మాత్రాన బురద, గుడారాలు, వాన ఊహించుకోనక్కర్లేదు. ఇది నాలుగు గోడల మధ్య, కుర్చీల్లో కూర్చుని వినే ఉత్సవం.

ఆ గోడలే ఈ పద్ధతి నిలబడటానికి సగం కారణం. రాయల్ ఫెస్టివల్ హాల్ 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం కట్టింది. యుద్ధంలో దెబ్బతిన్న దేశం తనను తాను ఉత్సాహపరుచుకోవడానికి చేసుకున్న సంబరం అది. అందులో దాదాపు 2,700 మంది పడతారు. పక్కనే 1967లో తెరిచిన క్వీన్ ఎలిజబెత్ హాల్లో సుమారు 900 మంది; దానికి ఆనుకుని ఉన్న పర్సెల్ రూమ్‌లో 300 మంది దాకా. ఈ మూడు సైజులు ఒకే ప్రాంగణంలో ఉండటం వల్ల, పెద్ద హాలు నిండితే వచ్చే ధీమాతో చిన్న గదిలో ఎవరికీ తెలియని మనిషిని కూర్చోబెట్టవచ్చు. కౌబాయ్ లాంటి పాటగాడికి 2,700 కుర్చీలు ఇస్తే సగం ఖాళీగా కనబడి పరువు పోతుంది. అదే పాటగాడు 300 కుర్చీల గదిలో పాడితే టికెట్లు దొరకలేదన్న వార్త వస్తుంది. ఇంకొకటి, ఆ భవనం లోపలి విశాలమైన వసారాలు 1980ల నుంచి పగలంతా ఎవరైనా వచ్చి కూర్చునేలా తెరిచే ఉంటాయి. టికెట్ కొనలేనివాళ్లకు ఉత్సవంలో కొంత భాగం అక్కడ ఉచితం. దీనంతటి వెనకా ప్రభుత్వ కళా నిధుల సాయం ఉంది. ఆ సాయం తీసేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఇంగ్లండ్‌లోనే 2000లో ఆల్ టుమారోస్ పార్టీస్ అనే ఉత్సవం మొదలైంది. అంతకు ముందు ఏడాది బెల్ అండ్ సెబాస్టియన్ బృందం తమకు నచ్చినవాళ్లందరినీ పిలిచి సముద్రపు ఒడ్డున ఒక సెలవుల శిబిరంలో చేసిన వారాంతపు వేడుక దానికి మూలం. పద్ధతి అదే, ప్రతిసారీ ఒక బృందం క్యూరేటర్. మొదటి ఏడాది మోగ్వాయ్ అనే రాక్ బృందం. వాయించేవాళ్లూ వినేవాళ్లూ అవే చిన్న చిన్న కాటేజీల్లో పక్కపక్కన ఉండేవారు, పొద్దున టీ దగ్గర ఎదురుపడేవారు. దాన్ని ఎరిగినవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు. అయితే దాని వెనక ప్రభుత్వ హాలు లేదు, సొంత ప్రాంగణం లేదు. ప్రతి వేడుకా టికెట్ల మీదే ఆధారం. అప్పులు పెరిగి, చెప్పిన కార్యక్రమాలు ఆఖరి నిమిషంలో రద్దై, 2016లో మూతపడింది. సంగీతకారుడి పిలుపుకు విలువ ఉన్నమాట నిజమే. ఆ పిలుపు అందుకుని వచ్చినవాళ్లకు భోజనం పెట్టాల్సింది మాత్రం ఇంకొకరు.

అమెరికాలో కాలిఫోర్నియాలోని ఓహాయ్ ఈ సమస్యను వేరేలా తీర్చుకుంది. 1947లో మొదలైన ఆ చిన్న ఊరి ఉత్సవం జూన్‌లో నాలుగు రోజులు, చెట్ల కింద ఆరుబయట జరుగుతుంది. ఏటా కొత్త సంగీత దర్శకుడు. ఫ్రెంచ్ స్వరకర్త పియరీ బూలేజ్ ఏడుసార్లు ఆ బాధ్యత తీసుకున్నాడు. 2017లో జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్, 2023లో జానపద గాయని రియానన్ గిడెన్స్. చిన్నగా ఉండటమే దాని రక్షణ.

మన దగ్గర పద్ధతి వేరు. గానసభల్లో ఎవరు పాడాలో తేల్చేది కార్యదర్శి, కమిటీ, కొంతవరకు చందాదారులు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ప్రతి డిసెంబరులో ఒక సంగీతకారుడికి సంగీత కళానిధి అని పేరిచ్చి పొద్దుటి సదస్సులకు అధ్యక్షత వహింపజేస్తుంది. మంగళంపల్లి, శ్రీపాద పినాకపాణి, నేదునూరి వంటి తెలుగువాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నారు. కానీ సాయంత్రం కచేరీలకు ఎవరిని పిలవాలన్నది అధ్యక్షుడి చేతిలో ఉండదు. అధ్యక్షత అన్న గౌరవం ఒక్కటే ఎంత బరువో 2024లో చూశాం: టి.ఎం. కృష్ణ పేరు ప్రకటించగానే కొందరు కళాకారులు ఆ ఏడాది అక్కడ పాడబోమని బహిరంగంగా చెప్పేశారు. ఇక పిలిచే అధికారం కూడా ఆ మనిషికే ఇచ్చి ఉంటే ఎంత రచ్చ అయ్యేదో ఊహించుకోవచ్చు.

సంగీతకారులే నడుపుకుంటే కక్షలు వస్తాయన్న భయానికి పాత ఆధారం తిరువయ్యారులోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో త్యాగరాజు ఆరాధనను విద్వాంసులే రెండు వర్గాలుగా, పెద్ద కట్చి, చిన్న కట్చి అని విడిపోయి వేరువేరుగా జరిపారు. ఆడవాళ్లను పాడనివ్వలేదు. సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ మూడో వర్గంగా స్త్రీలతో వేరే ఆరాధన పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ మూడూ ఒకటయ్యేసరికి 1940 ప్రాంతం అయింది. దీనికి ఎదురుగా పుణెలో భీమ్‌సేన్ జోషి ఉదాహరణ చెప్పవచ్చు. గురువు సవాయి గంధర్వ పేరు మీద 1953లో మొదలైన ఉత్సవాన్ని దశాబ్దాల పాటు ఆయనే ముందుండి నడిపాడు. చాలా ఏళ్లు ముగింపు కచేరీ కూడా ఆయనదే. బాగా నడిచింది. అయితే అది ఒక మనిషి జీవితకాలపు పెద్దరికం, ఒక ఇంటి శుభకార్యంలా. మెల్ట్‌డౌన్ పద్ధతిలోని తెలివి ఏమిటంటే, పెద్దరికాన్ని పది రోజులకే ఇస్తారు. అలిగినవాడు వచ్చే ఏడాది దాకా ఆగితే చాలు. కక్ష కట్టేంత సమయం ఎవరికీ దొరకదు.

అలా అని పక్షపాతం లేదని కాదు. మొదటి ఇరవై ఏళ్ల జాబితా చూస్తే లారీ ఆండర్సన్, పట్టి స్మిత్ లాంటి ఒకటి రెండు పేర్లు తప్ప దాదాపు అంతా మగవాళ్లే, అందులోనూ ఎక్కువమంది తెల్లవాళ్లు, ఎక్కువమంది గిటారు వాళ్లు. క్యూరేటర్ ఎవరైతే అతిథులూ ఆ చుట్టరికంలోంచే వస్తారు కాబట్టి, ఒక్క ఎంపికలోని లోపం పది రోజుల కచేరీలన్నింటికీ పాకుతుంది. పిలుపుల మీద నడిచే ఉత్సవంలో ఇది తప్పించుకోలేని చిక్కు: బంధువర్గం లేనివాడికి బొట్టు అందదు. సంగీతకారుడి ఫోన్లో ఎవరి నంబర్లు ఉన్నాయన్నది అతని అభిరుచి కన్నా ముందు అతని జీవితం తేల్చేసిన విషయం. అందుకని నిజమైన ఎంపిక క్యూరేటర్ చేసేది కాదు, క్యూరేటర్‌ను ఎంచుకునే హాలు చేసేది. ఈ మధ్య హాలు ఆ సంగతి గ్రహించినట్టే కనబడుతోంది. 2017లో శ్రీలంక తమిళ కుటుంబానికి చెందిన లండన్ రాపర్ ఎం.ఐ.ఎ., 2019లో డిస్కో గిటారిస్టు నైల్ రాడ్జర్స్, 2024లో అమెరికన్ గాయని చాకా ఖాన్, 2025లో లండన్ రాపర్ లిటిల్ సిమ్జ్. సిమ్జ్ పుట్టింది 1994లో, అంటే మెల్ట్‌డౌన్ కన్నా ఏడాది చిన్న. ఆమె పిలిచేవాళ్ల జాబితాలో బాకీలు తక్కువ, తోటివాళ్లు ఎక్కువ. అది వేరే రకం ఉత్సవం. యవ్వనాన్ని తిరిగి కొనుక్కోవడం అన్న జబ్బుకు అంతకు మించిన మందు కనబడదు.

ఆ బంధువర్గంలో ఒక మంచి గుణమూ ఉంది. ఇక్కడ అతిథిగా వచ్చినవాళ్లు తర్వాత ఎప్పుడో ఆతిథ్యం ఇస్తారు. జాజ్‌ను తలకిందులు చేసిన ఆర్నెట్ కోల్‌మన్ 2009లో, డెబ్భై తొమ్మిదో ఏట క్యూరేటర్ అయినప్పుడు, జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో తన బృందంతో వచ్చి పాడింది. నాలుగేళ్లకు, 2013లో, ఓనోయే క్యూరేటర్. అంతకు ముందు క్యూరేటర్‌గా చేసిన పట్టి స్మిత్ అప్పుడు ఆమెకు అతిథి. ఐదేళ్లుగా వేదిక ఎక్కని ఇంగ్లిష్ గాయని సూక్సీ సూ కూడా ఆ ఏడాదే ఓనో పిలుపు మీద వచ్చి పాడింది.

2008లో మాసివ్ అటాక్ బృందం పిలిచినవాళ్లలో జపాన్ నుంచి వచ్చిన యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా ఉంది, జమైకాలో పుట్టిన గాయని గ్రేస్ జోన్స్ ఉంది. పన్నెండేళ్ల తర్వాతి ఉత్సవానికి జోన్స్‌నే క్యూరేటర్‌గా ప్రకటించారు. అది 2020. కోవిడ్ వచ్చి ఆ జూన్‌లో హాళ్లన్నీ మూతపడ్డాయి. ఆ మరుసటి ఏడాదీ కుదరలేదు. హాలు ఇంకొకరిని వెతుక్కోలేదు, ఆమె కూడా మానుకోలేదు. 2022 జూన్‌లో, డెబ్భై నాలుగేళ్ల వయసులో, రెండేళ్ల కిందట పిలిచిన పేరంటానికి గ్రేస్ జోన్స్ ఆలస్యంగా తలుపులు తీసింది.